రెండవ ప్రక్క

ఇటీవల నొక సాయంకాలమున చేతిఫోనులో బీటిల్స్ వారి ‘ఆబీ రోడ్’ వినుచుంటిని. మొదటి ప్రక్క చివర వచ్చు దీర్ఘమైన పాట, ఒకే గిటారు వరుసను మరల మరల చుట్టుకొనుచు, దాని వెనుక గాలిహోరు క్రమక్రమముగా హెచ్చుచు, ఇది యెట్లు ముగియునోయని శ్రోత ఊపిరి బిగబట్టియున్న సమయమున, ఏ సూచనయు లేక తటాలున తెగిపోవును. టేపును సరిగా నచ్చటనే కోయుమని జాన్ లెనన్ తన ఇంజనీరుతో చెప్పెనట. ఫోనులో ఆ కోత పడిన మరుక్షణమున, ఱెప్పపాటైనను గడువక, జార్జి హారిసన్ గిటారుపై ‘హియర్ కమ్స్ ద సన్’ మొదలయ్యెను. ధ్వని నాడు విన్నదానికంటె నెంతో నిర్మలముగా నున్నది. అయినను నాకేదో పోయినట్లు తోచి, ఫోను ప్రక్కన బెట్టి ఆలోచించితిని.

పోయినది ఆ రెండు పాటల నడిమి విరామము. సూది రికార్డు నడిబొడ్డునకు జేరి గరగరలాడుచుండగా, చాపమీది వారిలో నెవరో యొకరు లేచి, సూదిచేతిని మెల్లగా పైకెత్తి, రికార్డును అంచులు మాత్రమే తగులునట్లు రెండరచేతుల నడుమ పట్టి త్రిప్పివేసి, మఖమలు గుడ్డతో నొకమాఱు తుడిచి, సూదిని మరల అంచున దింపు వఱకు గదిలో నెవ్వరును మాటలాడని ఆ కొంచెపు కాలము. అంతటి హోరు తెగిపోయిన పిదప ఆ మౌనములో గూర్చుండి, రెండవ ప్రక్క తొలి గిటారు నాదమునకై ఎదురుచూచినవారికి ఆ సూర్యోదయపు పాట ఎంతటి ఉపశమనమో నేటి ఫోను చెప్పలేదు. ఆ విరామమును రికార్డు కంపెనీవా రచ్చొత్తలేదు. వినువారు తమ చేతులతో దానిని చేర్చుకొనెడివారు.

* * *

మా తండ్రిగారు రైల్వే గుమాస్తా. దక్షిణమధ్య రైల్వే 1966లో నేర్పడి, దాని ప్రధాన కార్యాలయము సికిందరాబాదున వెలసిన పిదప, సర్కారు జిల్లాల నుండి పెట్టెబేడాలతో వచ్చిచేరిన కుటుంబములలో మాది యొకటి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో మాతో గోడ పంచుకొన్న యింట నొక ఆంగ్లో ఇండియను కుటుంబము కాపురముండెడిది. ఆ యింటి పెద్ద చిరకాలము ఇంజను నడపి విరమించినవాడు. వీధిలోని పిల్లలందఱికిని ఆయన ‘అంకుల్’. తెల్లవారుజామున మా యింట సుప్రభాతము, పిమ్మట లాలాగూడ కార్ఖానా కూత, ఆదివారము చర్చి గంట, శనివారము సంజవేళ గోడ యావలినుండి డ్రమ్ముల మ్రోత: ఈ ధ్వనులను బట్టియే మేము దినమును వారమును గుర్తించెడివారము.

అంకుల్ బంధువులు అప్పటికే కొందఱు ఇంగ్లండునకును, కొందఱు ఆస్ట్రేలియాకును వలసపోయియుండిరి. పండుగకో, పుట్టినదినమునకో వారు పంపిన రికార్డులు కొన్ని. కలకత్తా చెంత డమ్‌డమ్ కర్మాగారమున గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా వా రచ్చొత్తగా సికిందరాబాదు అంగళ్లలో దొరకినవి కొన్ని. వాటిని వినిపించునది హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి ఫియస్టా పెట్టె. మూతబెట్టి పిడిపట్టుకొని చేతితో మోసికొనిపోదగినది. శనివారము ఆ పెట్టె మూత తెఱచినప్పుడు వీధిలోని ఐదాఱుగురు కుఱ్ఱవాండ్రము ఆ గదిలో చాపమీద గూర్చుండుటకు అనుజ్ఞ పొందినవారము. “అంచులు పట్టుకో బాబూ, మధ్యలో చెయ్యి పెట్టొద్దు,” అని ఆయన ఒక్కొక్కరికి నేర్పి, నేర్చినవారికే ప్రక్క త్రిప్పు అధికార మిచ్చెడివాడు. ఆ అధికారము నాకు లభించిన దినమున నేను పొందిన గౌరవమును పరీక్షాఫలితములు సైత మీయలేదు.

కొలంబియా వారు 1948లో లోకమునకు చూపిన ఈ దీర్ఘకాల రికార్డు నిమిషమునకు ముప్పదిమూడు చుట్లును మఱి మూడవవంతు చుట్టును తిరుగును. ప్రక్క కిరువది నిమిషములు, మించిన ఇరువదైదు; అంతకంటె నెక్కువ సంగీతమును చొప్పింప బూనిన గాడు లొకదానినొకటి యొరసికొని ధ్వని క్షీణించును. అందుచేత పాటలు కూర్చువారు తమ కృతిని రెండంకముల నాటకముగా భావింపవలసి వచ్చెను: మొదటి ప్రక్కను దేనితో ముగింపవలెను, రెండవదానిని దేనితో నెత్తుకొనవలెను అనునది కవికి సర్గాంతము వంటి సమస్య. వినువారికిని నియమ మొకటి యేర్పడెను. నడుమ సూది నెత్తి వేఱొక పాటపై దింపుట రికార్డునకు గీతపడు మార్గమని అంకుల్ దానిని కఠినముగా నిషేధించియుండుటచే, నచ్చినదియు నచ్చనిదియు వరుసగా వినవలసినదే. 1967 నాటి ‘సార్జంట్ పెప్పర్’ రెండవ ప్రక్క తొలిపాట హారిసన్‌ది. సితారు, తబలా, దిల్‌రుబాలతో సాగునది. ఇంగ్లీషు పాటలకై వచ్చి మరల సితారు వినుటేమని మాలో కొందఱు తొందరపడెడివారు. దాటిపోవు వీలు లేక విని, విని, వినగా, కొన్ని శనివారములు గడచునప్పటికి ఆ పాట వచ్చు సమయమునకే గదిలో కదలిక మానెడిది.

ఆ రికార్డు అట్టపై పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు కూర్చిన జనసమూహమును మేము భూతద్దము పెట్టి చూచెడివారము. పరమహంస యోగానందులును, శ్రీయుక్తేశ్వర్ గిరియు, లాహిరీ మహాశయులును, మహావతార బాబాజీయు అందు గలరు. గాంధీమహాత్ముని బొమ్మను గూడ నిలిపి, భారతీయులు నొచ్చుకొందురేమోయను శంకతో ఇ.ఎమ్.ఐ. అధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్ తీసివేయించెనని తరువాత చదివితిని. లండనులో నొక కంపెనీ పెద్ద మనవంటివారి మనసును తలంచి చిత్రమును మార్పించుటయు, ఆ మార్చిన చిత్రమునే మెట్టుగూడలో మేము గంటలకొలది పరీక్షించుటయు నేటికిని నా కాశ్చర్యము గొలుపుచున్నది. వెనుకవైపున పాటల సాహిత్యమంతయు ముద్రింపబడియుండుట మాకు మఱింత యుపకారమయ్యెను. పాడువారి ఉచ్చారణ మాకు సగము తెలియదు. నోటుపుస్తకములలోనికి ఎత్తివ్రాసికొని, చేతులు మార్చుకొని, చివఱకు పాడుకొనెడివారము. ఆ రికార్డు అంత్యమున అనేక పియానోలపై నొక్కుమ్మడి మీటిన నాదము ముప్పాతిక నిమిషము వఱకు కరగుచు పోవును. ఫియస్టా పెట్టె గుయ్యిమను సొద ఎక్కడ మొదలై, ఆ నాదము ఎక్కడ ముగిసినదో చెప్పుట కష్టము. ఆ యెల్ల కనుగొనుటకై అందఱమును పెట్టెమీదికి వంగి వినెడివారము.

* * *

మా అక్క వీణ నేర్చుకొనుచుండెను. మగపిల్లలు కూడిన ఆ గదిలోనికి బోవుటకు ఆమెకు మా యింటి అనుమతి లేదు. ఆమె ఆ రికార్డుల నన్నిటిని గోడ కీవలినుండి, బియ్యము ఏరుచునో, పాఠము చదువుచునో వినినది. 1973లో పింక్ ఫ్లాయిడ్ వారు వెలువరించిన ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మాకు చేరిన పిదప, నాణెముల గలగలతోను, అంగడి లెక్కపెట్టె చప్పుళ్లతోను ఎత్తుకొను ‘మనీ’ అను పాట నడక మాలో నెవ్వరికిని చిక్కలేదు. నాలుగు లెక్కించి కాలాడించిన, కాలు పాటను విడిచిపోవును. ఒకనాడు నేను భోజనపు బల్లపై వ్రేళ్లతో దానిని వెదకుచుండగా అక్క వంటగది గడపలో నిలిచి, “ఒరే, నాలుగు కాదురా, ఏడు. మిశ్రచాపు. తకిట తకధిమి అనుకో, అదే వస్తుంది,” అనెను. వచ్చినది. అంతటితో నాగక, నడుమ గిటారు విజృంభించునప్పుడు వారు నాలుగునకు మారి, మరల ఏడునకు దిగుదురని గూడ ఆమెయే చెప్పెను. రికార్డును కంట జూడనైన జూడని ఆమె, దాని చెంత గూర్చున్న మాకంటె ఎక్కువ వినియుండెను.

ఆమెకు ప్రాణప్రదమైనది ఆ రికార్డు మొదటి ప్రక్క చివరిది. పియానో వెంట ఒక స్త్రీకంఠము మాట యొక్కటియు లేక, ఏడ్పో, వేడికోలో, విడుదలయో చెప్పరాని ఆలాపనగా నెగసి, అలసి, సోలిపోవును. పాడినది క్లేర్ టోరీ. 1973 జనవరిలో నొక ఆదివారము ఆబీ రోడ్ స్టూడియోకు రప్పించి, పదములు లేవు, తోచినట్లు పాడుమనగా ఆమె పాడి, ముప్పది పౌండ్ల కూలి పుచ్చుకొని యిల్లు చేరెను. ఆ స్వరరచనలో తనకును భాగము గలదని చాలకాలమునకు ఆమె న్యాయస్థానము నాశ్రయింపగా, 2005లో రాజీ కుదిరి, నాటినుండి ఆమె పేరు కర్తలలో నొకటిగా అచ్చగుచున్నది. ఈ వృత్తాంతము నాకు తెలిసిన దినముననే అక్కకు జెప్పితిని. “ముప్పై పౌండ్లా!” అని ఆమె చాలసేపు మఱి మాటలాడలేదు.

* * *

ఆంగ్లో ఇండియను కుటుంబము లొక్కొక్కటి వెడలిపోవుచుండిన కాలమది. వెళ్లువారి వరండాలో సామానంతయు పఱచియుంచెడివారు: జాలీ బీరువా, క్రిస్మసు చెట్టునకు గట్టు గాజుబుడ్లు, నాట్యమున కుపయోగించు బూట్లు, పియానో యున్నవారి పియానో. రికార్డులను మాత్రము చాలమంది అమ్మెడివారు కారు. చెలిమిని బట్టి పంచియిచ్చెడివారు. అంకుల్ వంతు వచ్చినప్పుడు మే మందఱము ఆశతో నిలువబడితిమి. ‘మెషీన్ హెడ్’ గిటారు నేర్చుకొను స్నేహితునికి బోయెను. అది న్యాయమే, గివ్సన్ గిటారు చేతబట్టిన ప్రతి కుఱ్ఱవాడును మొట్టమొదట మీటునది అందలి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ నాందీస్వరములనే. స్విట్జర్లాండులోని మాంట్రో పట్టణమున 1971 డిసెంబరులో జూదశాల దగ్ధమగుట కన్నులార జూచి, ఆ పొగ సరస్సుపై గ్రమ్ముటనే పాటగా గట్టి, చలికాలమునకై మూసియుంచిన హోటలు నడవలలో డీప్ పర్పుల్ వారు ‘మెషీన్ హెడ్’ను చాలవఱకు రికార్డు చేసిరి. ఇక ‘డార్క్ సైడ్’ను అంకుల్ చేతబట్టుకొని మా యింటికి వచ్చి, మా తల్లిగారి సమక్షమున, “ఇది అమ్మాయికి,” అని అక్క చేతి కిచ్చెను. గోడ కీవల నెవరు వినుచున్నారో ఆయనకు తెలిసియుండెను.

మా యింట రికార్డు వాయించు పెట్టె లేదు. ఘంటసాలవారి భగవద్గీతయు, సుప్రభాతమును వినుటకై మా తండ్రిగారు కొన్న టేపురికార్డరు మాత్రము గలదు. కనుక ఆ రికార్డును వార్తాపత్రికలో జుట్టి, సైకిలు మీద, దిండు నడుమ బెట్టుకొని, గడియారస్తంభము సమీపమున నున్న రికార్డింగు దుకాణమునకు గొనిపోతిని.

* * *

ఆ దుకాణము నిడివి నాలుగు బారలు, వెడల్పు ఒకటిన్నర. గోడలకు క్రిందినుండి పైవఱకు రికార్డులు. బల్లపై గరార్డు చక్రము, కాస్మిక్ యాంప్లిఫయరు, రెండు డెక్కులు, వాటి ముఖమున ధ్వని వెంట లేచి పడుచుండు రెండు వెలుగుసూదులు. యజమానిని అందఱును ‘భాయ్’ అనెడివారు. ఖాళీ క్యాసెట్టును, కోరిన పాటల చీటీని ఇచ్చి వెళ్లిన మూడు నాలుగు దినములకు తిరిగి రమ్మనెడివాడు. ఏలన నలువది నిమిషముల సంగీతమును ఎత్తుటకు నలువది నిమిషములును పట్టును, ఆ సమయమున ఆ యంత్రముపై మఱియొకటి సాగదు. ఈ నిర్బంధము వలన నాకు గలిగిన లాభము అపారము. తన క్యాసెట్టు కొఱకు వచ్చినవాడు ముందువాని క్యాసెట్టు పూర్తియగు వఱకు దానినే వినుచు నిలువవలెను. మెహదీ హసన్ గజళ్లను నేను తొలుత విన్నది అచ్చటనే, ఒక ముసలి దర్జీ కోరిక నెఱవేరుచుండగా. ఇళయరాజా పాటలకై వచ్చిన కాలేజీ పిల్లవాడు లెడ్ జెపెలిన్ నాలుగవ రికార్డును, పేరే లేని ఆ అట్టను, చూచి నిశ్చేష్టుడై నిలిచినదియు అచ్చటనే. ఇతరుల అభిరుచి మన చెవిలో బలవంతముగా బడు స్థలమది.

భాయ్ విద్యలో కష్టమైనది కాలగణనము. తొంబది నిమిషముల క్యాసెట్టునకు ప్రక్కకు నలువదియైదు. ‘డార్క్ సైడ్’ నలువదిమూడు, నిశ్చింతగా బట్టును. వెనుక ప్రక్కకు నేను కోరినది ‘ఆబీ రోడ్’, అది నలువదియేడు. “జాగా సాలదు తమ్మీ. ఒక పాట తీసెయ్యమంటవా, ఆఖర్ల తెగిపోయినా పర్వాలేదా?” అని ఆయన అడిగినప్పుడు, ఆ దుకాణములోని వారందఱును తమ తమ అభిప్రాయములు చెప్పిరి. తీసివేయుటకు మన సొప్పలేదు. అందుచే చాలకాలము మా యింట ‘ఆబీ రోడ్’ రెండవ ప్రక్కలోని ఆ పాటలహారము, ఒకదానిలో నొకటి కలియుచు ఉప్పొంగి, ‘ది ఎండ్’ అను చివరిపాటలో రింగో స్టార్ డ్రమ్ములు మ్రోయించు ఘట్టము చుట్టుప్రక్కల, టక్కుమని ముగిసెడిది. బీటిల్స్ రికార్డులలో ఆయన యొక్కడే వాయించిన భాగ మదియే. తరువాత నేమున్నదో ఇంట నెవ్వరికిని తెలియదు.

చోటు మిగిలిన సందర్భములలో భాయ్ దానిని వట్టిగా వదలడు. ‘మెషీన్ హెడ్’ ముప్పదియెనిమిది లోపల ముగియును. మిగిలిన స్థలమున తన కిష్టమైన పాట నొకదానిని, అడుగకయే, పేరు వ్రాయకయే చేర్చి యిచ్చెడివాడు. నాకు చేర్చినది జెత్రో టల్ వారి ‘లోకోమోటివ్ బ్రెత్’: పియానోతో మెల్లగా నెత్తుకొని, పిదప రైలింజను వేగము పుంజుకొను పాట. రైల్వే క్వార్టర్ల పిల్లవాడని తలంచి యిచ్చెనో యేమో, లాలాగూడ కూతయు ఆ పాటయు నా స్మృతిలో విడదీయరానివైనవి. అట్టముక్కపై నల్లసిరాతో పాటలును, ఎఱ్ఱసిరాతో పేరును వ్రాసి, మరల చెఱిగిపోకుండ క్యాసెట్టు వెనుకనున్న చిన్నరెక్కలను పేనాకత్తితో విఱిచి, ఒకమాఱు మొదలు వినిపించి చేతికిచ్చుటతో కార్యక్రమము ముగియును.

* * *

1975 నాటి ‘విష్ యు వర్ హియర్’ మా తండ్రిగారితో ముడిపడియున్నది. తమ తొలినాటి సహచరుడు సిడ్ బారెట్ మతి చలించి దూరమైన దుఃఖముతో పింక్ ఫ్లాయిడ్ వారు దానిని రచించిరి. రికార్డింగు జరుగుచుండగా అతడే స్థూలకాయుడై, తలయు కనుబొమలును గొఱిగించుకొని స్టూడియోకు రాగా, చాలసేపటివఱకు మిత్రులే గుర్తుపట్టలేకపోయిరట. అందు నొకచోట పెద్దధ్వని హఠాత్తుగా కుంచించుకొనిపోయి, చిన్న రేడియోలోనుండి వచ్చినట్లు మారి, ఎవరో స్టేషను త్రిప్పుచున్నట్లు గరగరలు, మాటల తునకలు, క్షణకాలము చైకోవ్‌స్కీ వాద్యబృందము వినిపించి, అందుండి సన్నని గిటారు పుట్టును. సిలోను రేడియోకై ముల్లు త్రిప్పి త్రిప్పి అలవాటుపడిన మా తండ్రిగారు పత్రిక చదువుచునే, “స్టేషను పోయింది, కొంచెం వెనక్కి తిప్పు,” అనిరి. తిప్పనవసరము లేదు నాన్నగారూ, ఇది పాటయే యని చెప్పగా, పత్రిక దించి తుదివఱకు వినిరి. ఆయన ఈ సంగీతము నంతటిలో చెవియొగ్గి విన్నది ఆ యొక్క పాట. ఆయన గతించిన పిదప ఆ గరగరలు వినుట నాకు సులభము కాలేదు.

* * *

ఆ పద్ధతిలో అన్యాయమును గలదు. మేము భాయ్ కిచ్చిన రూకలలో ఒక్కటియు పాడినవారికి జేరలేదు. ముప్పది పౌండ్లకు పాడిన క్లేర్ టోరీ కంఠమును సికిందరాబాదులో ఎన్ని క్యాసెట్లపై ఎత్తియుందురో! క్యాసెట్టు తన రూపమును తాను నిలుపుకొనునదియు కాదు. వాన లారంభింపగానే తెల్లని బూజు. వినగా వినగా కంచుతాళముల మెఱుపు మాసి, మిగులునది మందమైన మ్రోత. యంత్రము నోట జిక్కి నలిగిన టేపును పెన్సిలుతో లాగి చుట్టుట, తెగినచోట అతికించుట, అతికినచోట పాటలో నొక మాట శాశ్వతముగా లోపించుట. నేడు ఏ మారుమూల పల్లెలోని పిల్లయైనను, ఎవరి యనుమతియు లేకయే, ఆ రికార్డులను స్టూడియోలో పుట్టిన స్వచ్ఛతతో వినగలదు. ‘ఆబీ రోడ్’ ముగింపు నేను విన్నది గూడ ఈ క్రొత్త సాధనముల మూలముననే. ఆ డ్రమ్ముల తరువాత గిటారులు మూడు ఒకదానికొకటి బదులు పలుకుకొనునని, అన్నియు ముగిసి నిశ్శబ్దమైన పిదప అర నిమిషమైనను లేని చిన్నపాట యొకటి యున్నదని తెలిసి నేను పొందిన యానందము సామాన్యము కాదు.

పెద్దరికార్డులు మరల వచ్చుచున్నవి. 2022లో అమెరికాలో అవి సంఖ్యలో సీడీలను మించి అమ్ముడుపోయినవి; 1987 తరువాత అట్లు జరుగుట అదియే మొదలు. వస్తువు తిరిగివచ్చినను, ఇంటింట నొకటి యుండుటచే పదిమంది ఒకదానిచుట్టు చేరుట తిరిగిరాదు. అంకుల్ గదిలో మే మారుగురము ఒకేక్షణమున మౌనము వహించితిమి; భాయ్ దుకాణమున దర్జీ కోరిన గజలును నేను వినితిని, నేను కోరిన గిటారును దర్జీ వినెను. ఈ లోటును నేను మనసార లోటుగానే యెంచుచున్నాను.

మా అక్క నాతో నేకీభవింపదు. విజయవాడలో పిల్లలకు వీణ నేర్పుచున్న ఆమె, తెల్లవారి నడకకు బోవుచు చెవులలో ఆ చిన్నసాధనములు పెట్టుకొని, తన కిష్టమైనదానిని తన యిష్టమైనన్ని మాఱులు వినును. “గోడవతల మీరు విన్నంతే నేనూ వినాలి అప్పుడు. మీరు ఆపేస్తే ఆగిపోవాలి. ఇప్పుడు నా చెవిలో నాకు నచ్చినంత సేపు. నాకిదే బాగుందిరా,” అని మొన్న ఫోనులో చెప్పినది. కొంచె మాగి, “అయినా మన క్యాసెట్లలో దేని వెనకాల ఏది ఉండేదో రాసి పంపు. అదే వరసలో పెట్టుకుంటాను. ‘మనీ’ రికార్డు అయిపోగానే ‘ఆబీ రోడ్’ రాకపోతే ఏదోలా ఉంది,” అనెను.

వ్రాయుచున్నాను. ‘డార్క్ సైడ్’ వెనుక ‘ఆబీ రోడ్’. లెడ్ జెపెలిన్ నాలుగవదాని వెనుక ‘మెషీన్ హెడ్’, దాని తోకన ‘లోకోమోటివ్ బ్రెత్’. ‘విష్ యు వర్ హియర్’ వెనుక నేమున్నదో మాత్రము తేలలేదు. ‘హోటల్ కాలిఫోర్నియా’ యని నేను, కానే కాదు ‘సార్జంట్ పెప్పర్’ అని ఆమె.